నిబంధన ఒకటే అయినా పార్టీలకు ఫలితం ఒకటి కాదు: ఓటు పద్ధతి, బ్యాలెట్‌లో చోటు

ప్రశ్న ఇది: చట్టం అందరికీ ఒకటే, పోలింగ్ తేదీ ఒకటే, యంత్రమూ ఒకటే. అయినా ఓటు వేసే పద్ధతి మీదో, నామినేషన్ నిబంధన మీదో మాట వచ్చిన ప్రతిసారీ ఒక పార్టీ స్వాగతిస్తుంది, ఇంకోటి కోర్టుకెక్కుతుంది. అందరికీ వర్తించే నిబంధనతో లాభనష్టాలు ఎందుకు సమానంగా ఉండవు?

పార్టీల ఓటర్లు అన్నిచోట్లా ఒకేలా పరుచుకుని ఉండరు కాబట్టి. పార్టీల వయసూ ఒకటి కాదు. ఒక పార్టీ గుర్తు నలభై ఏళ్లుగా గోడల మీద ఉంటుంది, ఇంకో పార్టీకి గుర్తు దొరికేది పోలింగ్‌కు రెండు వారాల ముందు. ఒకరి ఓటరు సొంత ఊళ్లోనే ఉంటాడు, ఇంకొకరి ఓటరు వేరే రాష్ట్రంలో కూలి పనిలో ఉంటాడు. నిబంధన ఈ తేడాల మీద పడినప్పుడు ఒకరికి వెన్నుదన్ను, ఇంకొకరికి వెన్నుపోటు అవుతుంది. వివరంగా చూద్దాం.

ముందు లెక్కింపు. మన దగ్గర లోక్‌సభకు, అసెంబ్లీకి ఉన్నది ‘ఎక్కువ ఓట్లొచ్చినవాడే విజేత’ పద్ధతి. సగం దాటక్కర్లేదు, పక్కవాడి కంటే ఒక్క ఓటు ఎక్కువుంటే చాలు. ఇందులో రెండు రకాల ఓట్లు సీటుగా మారవు: ఓడిన అభ్యర్థికి పడ్డవన్నీ, గెలిచినవాడికి అవసరానికి మించి పడ్డవన్నీ. పార్టీ బలం ఎంత అన్న దానికంటే ఈ రెండు రకాల్లో ఎన్ని ఓట్లు చిక్కుకున్నాయన్నదే సీట్లను తేలుస్తుంది.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39 శాతం పైన ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో వైఎస్సార్సీపీకీ 39 శాతం పైనే, సీట్లు 11. రెండుసార్లూ ఓట్లు రాష్ట్రమంతా దాదాపు సమానంగా పరుచుకున్నాయి. ఎదుటివాళ్లు 50 శాతం దరిదాపుల్లోనో, పైనో ఉంటే అలా పరుచుకున్న 39 శాతం దాదాపు ప్రతి చోటా రెండో స్థానమే తెచ్చిపెడుతుంది. అదే 39 శాతం 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కు 119లో 64 సీట్లిచ్చింది, ఎందుకంటే అక్కడ పోటీ ముక్కోణం. బీఆర్ఎస్‌కు 37 శాతం పైన వచ్చి 39 సీట్లు దక్కాయి. తేడా రెండు శాతం, పోయినవి పాతిక సీట్లు. అదే ఎన్నికలో బీజేపీకి 13.9 శాతానికి 8 సీట్లు, మజ్లిస్‌కు 2.2 శాతానికి 7 సీట్లు. మజ్లిస్ పోటీ చేసిందే తొమ్మిది చోట్ల, ఓట్లన్నీ పాతబస్తీ చుట్టూ కుప్పగా ఉన్నాయి. బీజేపీ ఓట్లు వందకు పైగా నియోజకవర్గాల్లో చెదిరాయి.

దీన్ని చూడటానికి చిన్న కొలత ఉంది. పార్టీకి వచ్చిన మొత్తం ఓట్లను గెలిచిన సీట్లతో భాగించండి, ఒక్కో సీటు ఎన్ని ఓట్లకు పడిందో తెలుస్తుంది. 2015 బ్రిటన్ ఎన్నికల్లో యూకిప్ పార్టీకి 38 లక్షలకు పైగా ఓట్లు, ఒక్క సీటు. స్కాట్లండ్‌లో మాత్రమే పోటీ చేసిన ఎస్ఎన్పీకి సుమారు 14.5 లక్షల ఓట్లు, 56 సీట్లు. అంటే సీటుకు 26 వేల ఓట్లు ఒకరికి, 38 లక్షలు ఇంకొకరికి. కెనడాలో 1993లో అప్పటిదాకా అధికారంలో ఉన్న ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీకి 16 శాతం ఓట్లు, దేశం మొత్తంలో రెండే సీట్లు. క్యుబెక్‌కే పరిమితమైన బ్లాక్ క్యుబెక్వాకు 13.5 శాతానికి 54 సీట్లొచ్చి ప్రధాన ప్రతిపక్షమైంది. మన దగ్గర 2014 లోక్‌సభలో బీఎస్పీ 4 శాతం పైన ఓట్లు తెచ్చుకుని దేశంలో మూడో స్థానంలో నిలిచింది. సీట్లు సున్నా. అంతకంటే తక్కువ శాతం ఓట్లతో అన్నాడీఎంకే 37, తృణమూల్ 34 సీట్లు గెలిచాయి.

ప్రాంతీయ పార్టీలకు ఈ పద్ధతి శాపమని తరచూ వినిపిస్తుంది. తలకిందుల మాట అది. ఓట్లు ఒకచోట కుప్పగా ఉన్న ప్రాంతీయ పార్టీకి ఇది వరం. దెబ్బ తినేది దేశమంతటా, రాష్ట్రమంతటా పలుచగా ఓట్లున్న పార్టీ. 2009లో ప్రజారాజ్యానికి ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 16 శాతం ఓట్లొచ్చి 294లో 18 సీట్లే దక్కింది ఇందుకే. పొత్తులు కూడా ఇక్కడే పుడతాయి. పలుచటి పార్టీ తన ఓట్లను కొన్ని సీట్లకు కుదించి, మిగతా చోట్ల భాగస్వామికి బదిలీ చేస్తుంది. జనసేన 2019లో సుమారు 5.5 శాతం ఓట్లతో ఒక్క సీటు గెలిచింది. 2024లో పొత్తులో 21 చోట్ల నిలబడి 21 గెలిచింది, రాష్ట్రం మొత్తం మీద ఓట్ల శాతం పెద్దగా మారకుండానే.

ఓట్ల శాతానికి తగ్గట్టు సీట్లు పంచే దామాషా పద్ధతి తెస్తే ఈ అన్యాయం పోతుంది కదా అంటారు. చాలావరకు పోతుంది, కానీ అక్కడా రెండు మీటలుంటాయి, వాటిని ఎటు తిప్పితే అటు లాభం.

మొదటిది, ఓట్లను సీట్లుగా మార్చే భాజకం. ఏడు సీట్లున్న ఒక ప్రాంతం అనుకోండి. ‘క’ పార్టీకి 53 వేలు, ‘చ’కు 24 వేలు, ‘ట’కు 23 వేలు. డాంట్ పద్ధతిలో ప్రతి పార్టీ ఓట్లను వరసగా 1, 2, 3, 4తో భాగించి, వచ్చిన అంకెల్లో పెద్దవి ఏడు ఏరాలి. ‘క’కు 53, 26.5, 17.67, 13.25, ‘చ’కు 24, 12, ‘ట’కు 23, 11.5 వేలు. పెద్దవి ఏడు ఏరితే ‘క’ 4, ‘చ’ 2, ‘ట’ 1. అవే ఓట్లను సాంట్ లాగ్ పద్ధతిలో 1, 3, 5, 7తో భాగించండి. ‘క’కు 53, 17.67, 10.6, 7.57, ‘చ’కు 24, 8, ‘ట’కు 23, 7.67. ఏడో స్థానానికి ‘ట’ రెండో అంకె 7.67, ‘క’ నాలుగో అంకె 7.57 పోటీ పడతాయి, ‘ట’ నెగ్గుతుంది. ఫలితం 3, 2, 2. సగానికి పైగా ఓట్లొచ్చిన పార్టీకి మెజారిటీ పోయింది. ఒక్క ఓటూ అటూ ఇటూ కాలేదు, మారింది భాగించే అంకెలే. అందుకే పెద్ద పార్టీలు డాంట్‌ను, చిన్నవి సాంట్ లాగ్‌ను సమర్థిస్తాయి. నేపాల్‌లో 275 సీట్లలో దామాషా కోటా 110 సీట్లకు వాడేది సాంట్ లాగ్. ప్రాంతానికి సీట్లు ఎక్కువయ్యేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది, మూడు నాలుగు సీట్ల ప్రాంతాల్లో గట్టిగా కనిపిస్తుంది.

రెండోది, కనీస ఓట్ల హద్దు. అంతకంటే తక్కువొస్తే దామాషా పంపకంలో వాటా ఉండదు. జర్మనీలో 5 శాతం, నేపాల్‌లో 3, ఇజ్రాయెల్‌లో 3.25. 2013లో జర్మనీలో ఎఫ్‌డీపీ 4.8 శాతం దగ్గర, ఏఎఫ్‌డీ 4.7 శాతం దగ్గర ఆగిపోయి రెండూ సభ బయటే ఉండిపోయాయి. 2022లో ఇజ్రాయెల్‌లో మెరెట్జ్ పార్టీ నాలుగు వేల లోపు ఓట్ల తేడాతో హద్దు తప్పింది. హద్దు ఎంత ఘోరంగా పనిచేయగలదో చూడాలంటే 2002 టర్కీ. అప్పుడు అక్కడి హద్దు 10 శాతం. దాన్ని దాటినవి రెండే పార్టీలు. 34 శాతం ఓట్లొచ్చిన ఏకేపీ 550లో 363 సీట్లు తీసుకుంది, పోలైన ఓట్లలో 45 శాతం దాకా ఏ సీటుకూ లెక్కకు రాలేదు. పేరుకు దామాషా, పంపకం మన పద్ధతి కంటే వంకర. 2022లో ఆ హద్దును 7 శాతానికి దించారు.

అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని ఇష్టం వరసలో అంకెలు వేసే ప్రాధాన్య ఓటు సంగతి వేరు. మన దగ్గర రాష్ట్రపతి ఎన్నికలో, రాజ్యసభలో, పట్టభద్రుల, ఉపాధ్యాయ ఎమ్మెల్సీ స్థానాల్లో ఇదే. ఎమ్మెల్సీ లెక్కింపు ఇలా సాగుతుంది: చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి కలిపితే కోటా. మొదటి ప్రాధాన్యంలో ఎవరూ అందుకోకపోతే, అట్టడుగున ఉన్న అభ్యర్థిని తీసేసి, అతని కట్టలోని ఒక్కో బ్యాలెట్ మీద 2 ఎవరికి ఉందో చూసి వాళ్లకు చేరుస్తారు. ఇలా ఒక్కొక్కరినే తీసేస్తూ పోతారు. అందుకే ఫలితం తేలేసరికి తెల్లవారుతుంది.

ఇక్కడ కీలకం ‘ఎంతమంది నిన్ను ఇష్టపడుతున్నారు’ అన్నది ఒక్కటే కాదు, ‘ఇంకొకరిని ఇష్టపడేవాళ్లు నిన్ను ఎంతవరకు భరిస్తారు’ అన్నది కూడా. 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానంలో మొదటి ప్రాధాన్య ఓట్లలో వైఎస్సార్సీపీ అభ్యర్థి ముందున్నారు. వామపక్షాల మద్దతున్న పీడీఎఫ్ కట్టలు విప్పాక రెండో ప్రాధాన్యాలు తెలుగుదేశం వైపు వెళ్లి, చివరికి ఆ పార్టీ అభ్యర్థి గెలిచారు. ఈవీఎం ఎన్నికైతే మొదటి లెక్కతోనే కథ ముగిసేది. బలమైన అభిమానులూ బలమైన వ్యతిరేకులూ ఉన్న పార్టీకి ఈ పద్ధతి కలిసిరాదు. ఎవరికీ పెద్దగా శత్రువు కాని పార్టీకి కలిసొస్తుంది. ‘మాకు 1 వేసి ఆపేయండి’ అని ప్రచారం చేసే పార్టీలున్నాయి. అభ్యర్థి చివరిదాకా బరిలో ఉంటే దానివల్ల నష్టం లేదు. మధ్యలో ఎలిమినేట్ అయితే మాత్రం ఆ కట్టలో 2 లేని బ్యాలెట్లన్నీ పక్కకు పోతాయి, చివరి ఇద్దరిలో ఎవరు గెలవాలన్న దాంట్లో ఆ ఓటర్లకు మాట లేకుండా పోతుంది.

చెల్లని ఓట్లు కూడా ఈ పద్ధతిలో ఒక పార్టీ మీద ఎక్కువ పడొచ్చు. టిక్కు పెట్టడం, ఇద్దరికీ 1 వేయడం, అంకెకు బదులు ‘ఒకటి’ అని అక్షరాల్లో రాయడం, బూత్‌లో ఇచ్చిన స్కెచ్ పెన్ను వదిలి జేబులోని పెన్నుతో వేయడం, కింద సంతకం పెట్టడం. చదువుకున్నవాళ్ల ఎన్నికలోనే ఇవన్నీ వేల సంఖ్యలో జరుగుతాయి. ఉపాధ్యాయ సంఘాల వెన్ను ఉన్న అభ్యర్థికి ఈ బెడద తక్కువ, ఎందుకంటే ఆ సంఘాలు నమూనా బ్యాలెట్‌తో ఇంటింటికీ తిరిగి నేర్పుతాయి. కొత్తగా ఓటరు నమోదు చేయించిన పార్టీ ఆ రెండో మెట్టు ఎక్కకపోతే తన ఓట్లను తానే చెత్తబుట్టలో వేసుకున్నట్టు.

అన్నట్టు, ఆస్ట్రేలియాలో ప్రాధాన్య ఓటు వచ్చింది ఆదర్శంతో కాదు, అవసరంతో. 1918లో స్వాన్ ఉప ఎన్నికలో లేబర్ వ్యతిరేక ఓటు రైతు పార్టీకీ నేషనలిస్టులకీ మధ్య చీలి, లేబర్ అభ్యర్థి 34 శాతంతో గెలిచాడు. ఆ ఏడాదే అధికారంలో ఉన్న నేషనలిస్టులు చట్టం మార్చేశారు.

ఇక బ్యాలెట్‌లో చోటు. దీన్ని చాలామంది తక్కువగా చూస్తారు, నా లెక్కలో పార్టీల మధ్య అసలు అసమానత ఇక్కడే ఉంది. ఎన్నికల్లో తగినన్ని ఓట్లో సీట్లో తెచ్చుకుని గుర్తింపు పొందిన పార్టీకి, కేవలం రిజిస్టర్ అయిన పార్టీకి మధ్య గీత కాగితం మీద సన్నగా కనిపిస్తుంది. నామినేషన్ గదిలో అది గోడ.

గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు. లేనివాళ్లకు పదిమంది కావాలి, పదిమందీ అదే నియోజకవర్గంలో ఓటర్లై ఉండాలి. పేరు, జాబితా భాగం సంఖ్య, వరస సంఖ్య సరిగ్గా రాయాలి. వేలిముద్ర వేసేవాళ్లయితే ఆ ముద్ర రిటర్నింగ్ అధికారి ఎదుటో, అందుకు అధికారం ఉన్న అధికారి ఎదుటో పడాలి. ఇంటి దగ్గర వేయించి తెస్తే చెల్లదు. పదిమందిలో ఒక్కరి ఓటు పక్క నియోజకవర్గంలో ఉందని పరిశీలనలో తేలినా నామినేషన్ పోయినట్టే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు గరిష్ఠంగా అనుమతించే నాలుగు సెట్లూ వేరువేరు ప్రతిపాదకులతో వేస్తారు.

పెద్ద పార్టీలకూ ఇక్కడ ఒక గొయ్యి ఉంది. ‘ఇతనే మా అభ్యర్థి’ అని పార్టీ ఇచ్చే బి-ఫారం నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా, సిరాతో పెట్టిన అసలు సంతకంతో చేరాలి. జిరాక్సు పనికిరాదు. చేరకపోతే అతను ఆ పార్టీ అభ్యర్థి కాడు. ఒక్క ప్రతిపాదకుడితోనే వేసి ఉంటే నామినేషనే ఎగిరిపోతుంది. అందుకే జాగ్రత్తపరులు ఒక సెట్ పదిమందితో కూడా వేసి పెడతారు. ఫారం లేకపోయినా ఇండిపెండెంట్‌గా మిగలొచ్చు. అసలు అభ్యర్థి నామినేషన్ పోతే బదులుగా ఉండేలా డమ్మీ అభ్యర్థిని పెట్టేదీ ఇందుకే. ఆ డమ్మీ ప్రతిపాదకుడు కూడా గట్టివాడై ఉండాలి. 2024లో సూరత్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి ప్రతిపాదకులు ‘ఆ సంతకాలు మావి కావు’ అన్నారు. ఆయన నామినేషన్, ప్రత్యామ్నాయ అభ్యర్థి నామినేషన్ రెండూ పోయాయి, మిగతావాళ్లు విరమించుకున్నారు, బీజేపీ అభ్యర్థి ఏకగ్రీవంగా గెలిచారు.

డిపాజిట్ విషయానికొస్తే, లోక్‌సభకు 25 వేలు, అసెంబ్లీకి 10 వేలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే గల్లంతు. వంద చోట్ల పోటీ చేసి సగటున అయిదారు శాతం తెచ్చుకునే కొత్త పార్టీకి అది పది లక్షల ఖర్చు. ఒక్కో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షల దాకా ఖర్చు పెట్టొచ్చన్న చట్టంలో పెద్ద పార్టీకి ఈ పదివేలు లెక్కలోకే రావు. బ్రిటన్‌లో డిపాజిట్ 500 పౌండ్లు, 5 శాతం దాటితే వెనక్కిస్తారు. మన హద్దు 16.67 శాతం కాబట్టి మూడో పార్టీకి దాదాపు ఎప్పుడూ తిరిగి రాదు.

డిపాజిట్ పనిచేయదని మాత్రం అనలేం. 1996లో లోక్‌సభకు 500, అసెంబ్లీకి 250 రూపాయలే. ఆ ఏడాది తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది, మన నల్గొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడ్ సమస్య మీద నిరసనగా 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. తర్వాత డిపాజిట్‌ను 10 వేలు, 5 వేలు చేశారు. పదిమంది ప్రతిపాదకుల నిబంధనా అప్పుడే వచ్చింది. దేశం మొత్తం మీద లోక్‌సభ అభ్యర్థులు 1996లో 13,952 మంది ఉంటే 1998లో 4,750 మంది. తగ్గినవాళ్లలో ఎక్కువమంది ఇండిపెండెంట్లు. ఓట్లు చీల్చడానికి పెద్దవాళ్లు నిలబెట్టే అభ్యర్థులకు డబ్బు వెనక నుంచి వస్తుంది, వాళ్లను డిపాజిట్ ఆపదు. ఆగేది వెనక ఎవరూ లేనివాడు.

గుర్తు దగ్గర కాసేపు ఆగాలి. నోటిఫికేషన్ వచ్చిన ఏడో రోజు నామినేషన్ల గడువు, మర్నాడు పరిశీలన, దాని తర్వాత రెండో రోజు ఉపసంహరణ. పోలింగ్ ఆ తర్వాత కనీసం పద్నాలుగు రోజులకు. ఇండిపెండెంటుకు గుర్తు చేతికొచ్చేది ఉపసంహరణ గడువు ముగిశాకే. నామినేషన్‌లో ఖాళీ గుర్తుల నుంచి మూడు కోరుకోవాలి. ఒకే గుర్తు ఇద్దరు అడిగితే రిజిస్టర్డ్ పార్టీవాడికి ముందు, ఇద్దరూ ఇండిపెండెంట్లైతే లాటరీ. అప్పటినుంచి మిగిలిన ఆ రెండు వారాల్లో కరపత్రం, ఫ్లెక్సీ, గోడరాత అన్నీ జరగాలి. కారు, సైకిల్, హస్తం, ఫ్యాన్, కమలం అప్పటికే జనం తలలో ఉన్నాయి. అభ్యర్థి పేరు చదవలేని ఓటరు కూడా వాటిని పట్టుకోగలడు.

గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీకి ఉమ్మడి గుర్తు అడిగే వీలుంది, కానీ అది ఆ పార్టీ సొంతం కాదు. 2024లో జనసేన గాజు గ్లాసుకు జరిగింది ఇదే. పొత్తు ధర్మంగా చాలా చోట్ల పోటీ చేయకపోవడంతో, ఆ చోట్ల గ్లాసు ఖాళీ గుర్తుల్లోకి వెళ్లి ఇండిపెండెంట్లకు దక్కింది. కూటమి ఓటరు ఈవీఎం మీద గ్లాసు చూసి నొక్కితే ఓటు పోయినట్టే. విషయం హైకోర్టుకు వెళ్లాక, జనసేన లోక్‌సభకు పోటీ చేసిన స్థానాల పరిధిలోని అసెంబ్లీ నియోజకవర్గాల్లో గ్లాసును ఇతరులకు ఇవ్వబోమని ఎన్నికల సంఘం చెప్పింది. పొత్తులో సీట్లు తగ్గించుకున్నందుకు చిన్న పార్టీలు కట్టే కనిపించని మూల్యం ఇది.

గుర్తింపు ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో టీఆర్ఎస్ 5,219 ఓట్ల తేడాతో ఓడింది. రోడ్డు రోలర్ గుర్తు అభ్యర్థికి పడ్డ ఓట్లు 27 వేలకు పైనే. అవన్నీ పొరపాటు ఓట్లే అనలేం. కానీ బ్యాలెట్ మీద నలుపు తెలుపు బొమ్మగా, బొటనవేలంత సైజులో, పక్కనుంచి చూస్తే కారుకూ రోలర్‌కూ చక్రాలూ పైకప్పూ ఒకేలా కనిపిస్తాయి. చూపు తగ్గిన పెద్దవాళ్ల ఓటు మీద ఆధారపడ్డ పార్టీకి ఆ పోలిక ప్రాణాంతకం. పేర్ల పోలికా ఇలాంటిదే. 2004లో కేరళలోని ఆలప్పుళలో కాంగ్రెస్ నేత వి.ఎం.సుధీరన్ 1,009 ఓట్లతో ఓడితే, ఇంచుమించు అదే పేరున్న ఇండిపెండెంటుకు 8,282 ఓట్లు పడ్డాయి. 2015 నుంచి యంత్రం మీద ఫొటో పెడుతున్నది ఈ తలనొప్పి తగ్గించడానికే.

వరస కూడా పార్టీని బట్టే. ముందు గుర్తింపు పొందిన పార్టీలు, తర్వాత రిజిస్టర్డ్ పార్టీలు, ఆఖర్న ఇండిపెండెంట్లు. ఒక్కో గుంపులో అక్షర క్రమం. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతుల నిరసనతో అభ్యర్థులు 185 మంది అయ్యారు. నోటాతో 186. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 బటన్లు కాబట్టి ప్రతి బూత్‌లో 12 యూనిట్లు పరిచారు. పెద్ద పార్టీలన్నీ మొదటి యూనిట్‌లోనే ఉన్నాయి. తొమ్మిదో యూనిట్‌లో ఉన్న అభ్యర్థి తన ఓటరుకు గుర్తుతోపాటు ‘ఎన్నో పెట్టె, పైనుంచి ఎన్నో బటన్’ కూడా చెప్పాలి.

చివరిది, ఓటు వేసే సాధనం. బ్రెజిల్ దీనికి చక్కటి ఉదాహరణ. 1998లో 40,500 మందికి మించి ఓటర్లున్న పురపాలికల్లో ఎలక్ట్రానిక్ యంత్రం, మిగతాచోట్ల కాగితమే. కాగితం మీద అభ్యర్థి పేరో నంబరో రాయాల్సి రావడంతో చదువురాని వాళ్ల ఓట్లు కుప్పలుగా చెల్లకుండా పోయేవి. యంత్రం వచ్చిన చోట పదింట ఒక వంతుకు పైగా ఓట్లు కొత్తగా లెక్కలోకొచ్చాయి. పేదల ఓటు మీద నిలబడ్డ పార్టీలకు దాంతో బలం పెరిగింది, రాష్ట్రాల బడ్జెట్లలో ఆరోగ్యం ఖర్చూ పెరిగింది.

పోస్టల్ ఓటు దగ్గర ఒక గందరగోళం ఉంది. అమెరికాలో 2020లో డెమోక్రాట్లు పోస్టులో ఎక్కువ, రిపబ్లికన్లు బూత్‌లో ఎక్కువ ఓటేశారు. దాన్నిబట్టి పోస్టల్ ఓటు డెమోక్రాట్లను గెలిపిస్తుందని తేల్చేస్తారు. ఎవరు ఏ దారిన ఓటేశారన్నది ఒక ప్రశ్న, ఆ దారి లేకపోతే అసలు ఓటేయకుండా ఉండిపోయేవాళ్లెవరన్నది ఇంకో ప్రశ్న. కాలిఫోర్నియా, యూటా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో కౌంటీల వారీగా అందరికీ పోస్టల్ బ్యాలెట్ పంపడం మొదలుపెట్టినప్పుడు ముందూ వెనకా పోల్చి చూస్తే, పోలింగ్ కొద్దిగా పెరిగింది, పార్టీల వాటాలు దాదాపు కదల్లేదు.

మన పోస్టల్ బ్యాలెట్ వేరే సంగతి, ఇది అందరికీ కాదు. ఎన్నికల విధుల్లోని ఉద్యోగులు, సైనికులు, 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లు, అత్యవసర సేవల్లో ఉన్నవాళ్లు. ఉద్యోగులు ఒక వర్గంగా ఏ ప్రభుత్వం మీదైనా కినుకగా ఉంటే ఆ కోపం మొదట కనిపించేది ఈ కట్టల్లోనే. అందుకే వీటి చెల్లుబాటు మీద గొడవలూ ఎక్కువ. బ్యాలెట్‌ను 13బి కవర్‌లో పెట్టి అంటించాలి. ఈ ఓటు వేసింది నేనేనని సంతకం చేసే 13ఎ డిక్లరేషన్‌ను దానితోపాటు పెద్ద కవర్ 13సిలో పెట్టాలి. 13ఎను పొరపాటున లోపలి కవర్‌లో పెట్టేస్తే, డిక్లరేషన్ కనిపించలేదని లోపలిది తెరవకుండానే తిరస్కరిస్తారు. సంతకం లేకపోయినా, బ్యాలెట్ వరస సంఖ్య కలవకపోయినా అంతే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ డిక్లరేషన్‌ను ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి ముద్ర లేకపోతే చెల్లుతుందా అన్న ఒక్క ముక్క సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆధిక్యం తిరస్కరించిన పోస్టల్ ఓట్ల కంటే తక్కువగా ఉంటే వాటన్నిటినీ మళ్లీ పరిశీలించాలి కాబట్టి, కౌంటింగ్ ఏజెంట్లు ఆ అంకె రాసిపెట్టుకోవాలి.

వలస కూలీకి ఈ సదుపాయం ఏదీ లేదు, ఊరికి రావాల్సిందే. ప్రవాస ఓటరు కూడా ఒరిజినల్ పాస్‌పోర్టుతో బూత్‌కు రావాలి. టికెట్ కొనగలిగినవాళ్ల ఓటు ఎక్కువగా ఉన్న పార్టీకి, వలస జిల్లాల కూలీల మీద ఆధారపడ్డ పార్టీకి దీని దెబ్బ ఒకేలా తగలదు. 2023 జనవరిలో ఎన్నికల సంఘం పార్టీలకు ఒక రిమోట్ యంత్రం నమూనా చూపించడానికి పిలిచింది. ఒకే యంత్రంలో 72 నియోజకవర్గాల ఓటర్లు ఓటేయగలరు. పార్టీలు చాలా ప్రశ్నలు లేవనెత్తాయి, అది ముందుకు సాగలేదు. వలసవెళ్లినవాళ్లకు మేలే కదా, అభ్యంతరం ఎందుకని అడిగేవాళ్లు పోలింగ్ ఏజెంట్ల లెక్క వేసి చూడాలి. సూరత్‌లోనో, ముంబైలోనో, బెంగళూరులోనో ఉండే అలాంటి ప్రతి రిమోట్ కేంద్రంలో కూర్చుని ఓటరును గుర్తుపట్టడానికి సొంత రాష్ట్రం బయట మనిషి కావాలి. దేశమంతటా శాఖలున్న పార్టీకి ఆ మనిషి ఆ ఊళ్లోనే దొరుకుతాడు. ఒక రాష్ట్రానికో నాలుగు జిల్లాలకో పరిమితమైన పార్టీ ఇక్కడినుంచి రైలెక్కించి పంపాలి.